అహ్హగిరి

పొద్దున ఏడింటికి పాలమూరు బస్టాండు బయట
ముప్పైరెండు సీట్ల బస్సు. ఇయ్యాల ఒక్కటి గూడ ఖాళీ లేదు.
నా పేరు దస్తగిరి, మీ గైడును, అంట మైకుల.
'ద' కాడ నాలుక పంటికి ఆనుతది,
'స్త' కాడ మళ్లొకసారి.
ఇది మీకు చెప్పేది కాదు.

జడ్చర్ల దాటినంక టిఫిన్.
ఉప్మా బాగలేదని ఒకాయన నాకే చెప్తడు,
నేనే వండినట్టు.

గవిగట్టుల మొదటిది కోట దర్వాజ.
ఏనుగులు గుద్దకుండ మేకులు దింపిన తలుపు.
అందరు ఒక్కో మేకు పట్టుకొని ఫోటో దిగుతరు.
రెండోది మెట్లబావి. నీళ్లు లెవ్వు, పావురాలున్నయి.
అండ్ల మాట రెండుసార్లు ఇనిపిస్తది.
పిల్లలు ఎవరి పేరు వాళ్లు ఒర్రుకుంటరు.

మూడోది చావడి. టికెట్టు తెగేది దీనికే.
"బాణామతి చేసినోళ్లను నిలబెట్టిన గద్దె ఇదే సార్."
గొంతు కొంచెం దించుత. నేర్పిన్రు.
పటేలు ఇంట్ల బర్రెలు ఎండిపోయిన సంగతి,
కోడలి గాజుల పెట్టెల నిమ్మకాయ దొరికిన సంగతి,
అమాస, కాగడాలు,
కమ్మరి కొలిమి కాడి నుంచి పటుకారు తెప్పించిన సంగతి.
"మంత్రం పలకాలంటె పండ్లుండాలె గద సార్, అందుకని..."
ఈడ ఆగాలె. మూడు లెక్కపెట్టాలె.
ఎవరో ఒకరు "అబ్బ" అంటరు.
కాయితంల ఇంతే రాసున్నది.

ఆ మనిషి పేరు ఈదమ్మ.
మంత్రాలు రావు, కాన్పులు చేసుడు వస్తది.
ఒక కాన్పు అడ్డం తిరిగింది, పటేలు ఇంట్లనే.
అప్పటికి ఆమెకు ముప్పై ఏండ్లు గూడ నిండలే.
నాకు అమ్మమ్మ.

జొన్నరొట్టె అంచులు తుంపి
పలుచటి మజ్జిగల నానేసి ఇచ్చుడు నా పని.
దస్తగిరి సామికి మొక్కితె పుట్టిన్నని
ఈ పేరు పెట్టింది ఆమెనే.
పెట్టి, పిలువలేకపోయింది.
అహ్హగిరీ, అనేది వాకిట్ల నిలబడి, పొద్దుగూకినంక.
దోస్తులు నవ్వేటోళ్లు.
ఒకసారి నేను గూడ నవ్విన.
ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

మధ్యానం తిండి పటేలు మనుమని మెస్సుల.
నాటుకోడి మంచిగ వండుతరు, అబద్ధమెందుకు.
నా దగ్గర పైసలు తీసుకోడు.
"నువ్వు మనోనివి" అంటడు కౌంటర్ల కూసొని.
ఆయనకు తెలుసో తెలువదో ఇన్నేండ్లల్ల అడగలే.
ఎముక దాక కొరికి తింట.

బయట దుకాణంల ప్లాస్టిక్ నిమ్మకాయ కీచైన్లు,
ఒక్కోటి నలభై. పది అమ్మితె ఒకదాని పైసలు నాకు.
ఆడ్నే ఒక పిల్ల నా అంగి గుంజింది.
ఏడేండ్లుంటయేమో, ముందటి పన్ను లేదు.
"అంకుల్, ఆమె మరి అన్నం ఎట్ల తిన్నది?"
ఇన్ని ట్రిప్పులల్ల ఎవరూ అడగని మాట.
మైకు బంద్ చేసిన.
"నానబెట్టుకొని" అన్న.
పిల్ల నాలుకతోని సందును తడుముకుంట చాలసేపు ఆలోచించింది.
"నాకైతె మళ్లొస్తది" అన్నది,
నాకు ధైర్యం చెప్తున్నట్టు.

అయిదింటికి అందరు ఎక్కినంక
ఉప్మాయన ఫోను మెట్లబావి కాడ మరిచిన్నంటడు.
నేనే ఉరికిన.
మూడో మెట్టు మీదనే ఉన్నది, పావురం రెట్ట పడి.
తుడిచి జేబుల ఏసుకున్న.
ఇగ పోవాలె.
ఎటు చూసినా ఎవరు లేరు.
నాలుకను పండ్లకు తగలనియ్యకుండ ఎనకకు మలిచి
నా పేరు నేను పిలిచి చూసిన, మెల్లగ.

కింది నుంచి రెండుసార్లు పిలిచింది.

డ్రైవరు హారన్ కొడుతనే ఉన్నడు.